హమాలీ నడుం విరిగితే ధాన్యం కదలదు

నేను అరక పట్టిన కొత్తలో మా నాయన మొదట నేర్పింది అరక విప్పే వేళ. తెల్లవారుజామున కట్టిన ఎడ్లను ఎండ ముదరక ముందే విప్పాలి. ఇంకో రెండు సాళ్లు తోలితే చెలక అయిపోతుంది కదా అని నేను ఆశపడితే తిట్టేవాడు. "ఇయ్యాల రెండు సాళ్లు ఎక్కువ తోలితే రేపు ఎద్దు లేవదురా, రెండు రోజుల పని పోతది" అనేవాడు. ఎద్దు ఏడ్చిన ఎవుసం, రైతు ఏడ్చిన రాజ్యం బాగుపడవని మన పెద్దలు ఊరికే అనలేదు. ఎద్దు విషయంలో ఇంత తెలిసిన మనం, మనిషి విషయానికి వచ్చేసరికి ఎందుకు మర్చిపోతున్నాం?

ఈ మాట ఇప్పుడు ఎందుకంటే, పనిచేసే మనిషి గురించిన చట్టాలన్నీ మారిపోతున్నాయి. 2025 నవంబర్ 21న కేంద్ర ప్రభుత్వం నాలుగు లేబర్ కోడ్‌లను అమల్లోకి తెచ్చింది. పాత కార్మిక చట్టాలు 29 తీసేసి ఈ నాలుగు పెట్టారు. వేతనాల కోడ్ 2019లో, పారిశ్రామిక సంబంధాలు, సామాజిక భద్రత, పనిచోట భద్రత-ఆరోగ్యం కోడ్‌లు 2020లో పార్లమెంటులో పాసయ్యాయి. అంతకు ముందే, 2025 జూలై 5న మన రాష్ట్ర ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల దాకా పని చేయించుకోవచ్చని జీవో ఇచ్చింది. వారానికి 48 గంటలు దాటితే ఓవర్‌టైం కట్టాలని అందులో రాశారు. కోదాడ దాటితే వచ్చే ఆంధ్రప్రదేశ్‌లోనూ అదే ఏడాది పనిగంటలు 10కి పెంచాలని మంత్రివర్గం నిర్ణయించింది. అందరూ చెప్పే కారణం ఒకటే. చట్టాల పట్టు సడలిస్తే పెట్టుబడులు వస్తాయట, కార్మికుడి ఉత్పాదకత పెరుగుతుందట. అంటే ఒక మనిషి ఒక రోజులో చేసే పని పెరుగుతుందని అర్థం.

మొన్న మా మండలంలో సంఘం మీటింగులో ఈ సంగతి ఎత్తితే ఒక రైతు లేచి సూటిగానే అడిగాడు. "ఫ్యాక్టరీల సంగతి మనకెందుకే అన్నా? మన కూలి రేట్ల సంగతి, మన మద్దతు ధర సంగతి మాట్లాడు." ఆయన అడిగినదాంట్లో తప్పులేదు. ఆయనకు నేను అక్కడ చెప్పిన జవాబే ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాను.

మన అనంతగిరి, కోదాడ, మునగాల, హుజూర్‌నగర్, మిర్యాలగూడ ప్రాంతం ఎక్కువ భాగం సాగర్ ఎడమ కాలువ మీద, చెరువుల మీద, బోర్ల మీద వరి పండించే ప్రాంతం. 1967 ఆగస్టులో సాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. నీళ్ల వెంట వరి వచ్చింది, వరి వెంట మిల్లులు వచ్చాయి. ఈ రోజు మన ధాన్యం కల్లంలో నుంచి కొనుగోలు కేంద్రానికి పోయాక దాన్ని కాంటా పెట్టేది, బస్తా కుట్టేది, లారీకి ఎత్తేది హమాలీ. మిల్లు దగ్గర దించేది హమాలీ. బియ్యమై బయటికి పోయేటప్పుడు మళ్లీ ఎత్తేది కూడా హమాలీయే. 40 కిలోల బస్తాలు ఐదు వందలు ఉన్న లారీ అంటే 20 టన్నులు. అది మొత్తం మనిషి నడుం మీదే దిగాలి.

ఆ నడుం ఆగితే ఏమవుతుందో మనందరికీ తెలుసు. మిల్లు దగ్గర లారీలు బారులు తీరతాయి. లారీ ఖాళీ కాకపోతే కేంద్రానికి తిరిగి రాదు. లారీ రాకపోతే కాంటా ఆగుతుంది. ఒక యాసంగిలో నా ధాన్యం తొమ్మిది రోజులు కేంద్రంలోనే ఉంది. రాత్రి వాన పడితే పట్టాలు కప్పుతూ నేను, మా ఆవిడ తెల్లవార్లూ కూర్చున్నాం. అయినా అడుగు గింజ మొలకెత్తింది. తేమ అన్నారు, తరుగు అన్నారు. కారణం ఏంటని కనుక్కుంటే, మిల్లుల దగ్గర దిగుమతికి మనుషులు లేరన్నారు.

2020 సంగతి గుర్తు చేసుకోండి. కరోనా లాక్‌డౌన్‌లో దేశమంతా వలస కార్మికులు రోడ్ల వెంట ఇళ్లకు నడిచి పోతుంటే, మన రాష్ట్రానికి మాత్రం ఒక రైలు ఎదురు వచ్చింది. హోలీకి ఊరికి పోయి అక్కడే ఆగిపోయిన బీహార్ హమాలీలు లేక మిల్లుల్లో దిగుమతి ఆగిపోతే, మే 8న బీహార్‌లోని ఖగడియా నుంచి రెండు వందల మందికి పైగా హమాలీలను ప్రత్యేక రైల్లో లింగంపల్లి స్టేషనుకు తీసుకొచ్చి మిల్లులకు పంపారు. స్టేషనులో పూలు ఇచ్చి ఆహ్వానించారు. రైతు పంట కదలాలంటే హమాలీ కావాలని ప్రభుత్వమే ఆ రోజు ఒప్పుకుంది. పూలు ఇచ్చింది సరే. ఆ తర్వాత వాళ్లకు ఏ చట్టం ఇచ్చాం?

ఇక్కడే అసలు విషయం ఉంది. సంస్కరణలు కావాలనే వాళ్లు చెప్పేది ఏంటంటే, కార్మికుణ్ణి పెట్టుకోవడం, తీసేయడం యజమానికి సులువు కావాలి, పనిగంటలు అవసరాన్ని బట్టి సాగాలి, సమ్మెలు ఉండకూడదు, అప్పుడు పని పెరుగుతుంది అని. మంచిది. మన మిల్లుల దగ్గర హమాలీల పరిస్థితి ఎప్పటి నుంచో అట్లాగే ఉంది కదా! చాలామందికి హాజరు పట్టీలో పేరు ఉండదు. నియామక పత్రం ఉండదు. రేపు రావొద్దంటే రావొద్దు, నోటీసు లేదు. సీజన్‌లో పొద్దు, రాత్రి లెక్క లేదు. మేస్త్రీ ఎంత ఇస్తే అంత. వాళ్లు కోరుతున్న సంస్కరణ ఇక్కడ చట్టం లేకుండానే పూర్తిగా అమలైంది. మరి మనిషి చేసే పని పెరిగిందా?

మా పక్క ఊరి హమాలీ ఒకతన్ని అడిగాను. నలభై ఐదేళ్లు ఉంటాయి, చూడటానికి అరవై అనిపిస్తాడు. "అన్నా, పొద్దున మొదటి లారీ గంటలో దించుతం. సాయంత్రం నాలుగో లారీకి రెండు గంటలు పడతది. కాలు జారి పడితే ఆ రోజు కూలి పాయె, దవాఖాన ఖర్చు మీద పడె. నడుం నొప్పికి రోజూ గోలీ ఏసుకునే ఎక్కుత" అన్నాడు. ఉత్పాదకత లెక్క ఇంతకంటే స్పష్టంగా ఎవరు చెప్పగలరు? మొదటి లారీకి గంట, నాలుగో లారీకి రెండు గంటలు. పనిగంటలు పెంచితే పెరిగేది ఆ నాలుగో లారీ గంటలే. పైగా ఇరవై ఏళ్లు చేయాల్సిన మనిషి పదేళ్లకే కూలబడతాడు. అతని పనితనం, బస్తా పట్టు, నెట్టు కట్టే నేర్పు అన్నీ అతనితోనే పోతాయి. కొత్తవాడు మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి.

ఇది కొత్తగా కనుక్కున్న సంగతి కూడా కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండు ఆయుధ ఫ్యాక్టరీల్లో వారానికి 60 గంటలు దాటి పని చేయించారు. గుండ్లు కావాలి, యుద్ధం ఆగదు. అయినా 1915లో వేసిన ప్రభుత్వ కమిటీ లెక్కలు తీస్తే, గంటలు తగ్గించిన చోట మొత్తం ఉత్పత్తి పడిపోలేదని, కొన్ని చోట్ల పెరిగిందని తేలింది. మన దేశంలో డాక్టర్ అంబేడ్కర్ వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూసిన రోజుల్లోనే ఫ్యాక్టరీల పనివారాన్ని 54 గంటల నుంచి 48కి తగ్గించే సవరణ తయారై 1946లో చట్టమైంది. ఆ 48 గంటలే ఇప్పటికీ కాగితం మీద ఉన్నాయి. దాన్ని రోజుకు పది గంటలుగా విడగొట్టడం మొదలుపెడితే, పర్యవేక్షణ లేని చోట అది వారానికి 60 గంటలు కావడానికి ఎంతో కాలం పట్టదు.

కోడ్‌లలో అంతా చెడ్డే ఉందని నేను అనను. ప్రతి కార్మికుడికి నియామక పత్రం ఇవ్వాలన్నారు. గడువు పెట్టి తీసుకున్న ఉద్యోగికి ఏడాదికే గ్రాట్యుటీ అన్నారు. కనీస వేతనం అన్ని రకాల పనులకూ వర్తిస్తుందన్నారు. ఇవి మంచివే, నిలబెట్టుకోవాలి. కానీ ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో గేటు మూశారు. కరెంటుతో నడిచే చోట 10 మంది ఉంటే ఫ్యాక్టరీ చట్టం వర్తించేది, ఇప్పుడు 20 మంది ఉండాలి. కాంట్రాక్టరు కింద 20 మంది ఉంటే కాంట్రాక్టు కార్మికుల చట్టం వర్తించేది, ఇప్పుడు 50 మంది ఉండాలి. 1979 నాటి వలస కార్మికుల చట్టం ఐదుగురు ఉంటే వర్తించేది, ఇప్పుడు పదిమంది ఉండాలి. ఆ చట్టంలో ఊరు విడిచి వచ్చినందుకు నెల జీతంలో సగం ఇవ్వాలని ఉండేది, అది కొత్త కోడ్‌లో లేదు. 100 మంది ఉన్న ఫ్యాక్టరీ మూయాలంటే ప్రభుత్వ అనుమతి కావాల్సింది, ఇప్పుడు 300 మంది ఉంటేనే కావాలి. సమ్మెకు 14 రోజుల ముందు నోటీసు అన్ని పరిశ్రమలకూ తప్పనిసరి చేశారు. మన చుట్టూ ఉన్న మిల్లు, మేస్త్రీ గుంపు ఏ లెక్క కిందికి వస్తాయో మీరే చూసుకోండి. గుంపును 49 మంది దగ్గర ఆపితే చాలు, కాంట్రాక్టు కార్మికుల నిబంధన గేటు బయటే ఆగిపోతుంది.

చదువుకున్నవాళ్లు ఇంకో లెక్క చూపిస్తారు. 2004లో తిమోతీ బెస్లీ, రాబిన్ బర్జెస్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు మన దేశ రాష్ట్రాల మీద పరిశోధన చేసి, యజమానుల వైపు చట్టం సవరించిన రాష్ట్రాల్లో పరిశ్రమలు పెరిగాయని రాశారు. అందులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ను యజమానుల వైపు లెక్కేశారు. ఆ లెక్క వేసిన తీరు సరికాదని ఆర్థికవేత్తల్లోనే కొందరు వాదించారు. ఆ వాదం వాళ్లు తేల్చుకుంటారు. రైతుగా నేను అడిగేది ఒకటే. ఫ్యాక్టరీ ఉత్పత్తి ఎంత పెరిగిందని లెక్క తీస్తే, అందులో అరిగిపోయిన నడుం ఖర్చు ఎవరి ఖాతాలో రాశారు? అది హమాలీ ఇంట్లో అప్పుగా ఉంటుంది. మిల్లు పుస్తకంలో కనపడదు.

మిల్లుల వాళ్లను అనేముందు మన మడి సంగతి చూసుకుందాం. మనమూ కూలి పెట్టుకునేవాళ్లమే. కొన్నేళ్ల కింద నేను చేసిన తప్పు చెప్తాను. గుత్త నాట్లకు రెండు గుంపులు వచ్చాయి. ఒకటి ఏటా నాకు నాటు వేసే మా ఊరి ఆడవాళ్ల గుంపు. ఇంకోటి ఎకరానికి నాలుగు వందలు తక్కువ అడిగిన కొత్త గుంపు. నేను నాలుగు వందలకు ఆశపడ్డాను. వాళ్లు ఒక్కరోజులో మూడు ఎకరాలు నాటి పోయారు. పని ఎంత వేగమో అని సంబరపడ్డాను. పది రోజులకు చూస్తే కుదుళ్లు ఎడంగా ఉన్నాయి, కాలిబాటలు లేవు. వానాకాలం చదరపు మీటరుకు 33 కుదుళ్లు ఉండాలని వ్యవసాయ అధికారులు చెప్తారు. నా మడిలో నేను లెక్కపెట్టిన చోటల్లా ఇరవై, ఇరవై రెండే వచ్చాయి. కలుపు పెరిగింది, మందు ఖర్చు పెరిగింది, కోతలో గింజ తగ్గింది. ఆ గుంపు తప్పు కూడా కాదు. ఎకరం లెక్కన తక్కువకు ఒప్పుకున్నవాళ్లు ఎకరాలు పెంచుకోకుంటే వాళ్లకు ఏం మిగులుతుంది? మళ్లీ ఏడు వాళ్లను పిలుస్తానన్న నమ్మకం వాళ్లకు లేదు, వాళ్లు మళ్లీ వస్తారన్న లెక్క నాకు లేదు.

ఆ మరుసటి ఏడు పాత గుంపు పెద్దమ్మ ఇంటికి పోయి అడిగాను. "పోయినేడు నాలుగు వందలు మిగిలినయా కొడుకా?" అంది. నవ్వుతూనే అంది, కానీ నాకు తల వంపయింది. అప్పటి నుంచి వాళ్లే వస్తున్నారు. మధ్యాహ్నం నీడన గంట కూర్చుంటారు, టీ పోయిస్తాను, నాటు అయిన సాయంత్రమే డబ్బులు ఇస్తాను. నా మడి వాళ్లకు తెలుసు, ఎక్కడ లోతో, ఎక్కడ చౌడో. నేను గట్టు మీద నిలబడి అరవాల్సిన పని లేదు. రోజుకు నాటే గుంటలు కొంచెం తక్కువ కావచ్చు, కల్లంలో బస్తాలు మాత్రం ఎక్కువే. నేను నేర్చుకున్నది ఇదే. రేపు కూడా ఈ పని నాదే అనుకున్న మనిషి చేసే పని వేరు. ఈ రోజు గడిస్తే చాలనుకున్న మనిషి చేసే పని వేరు.

మన సూర్యాపేట గడ్డకు ఇది చెప్పాల్సిన పని లేదు. వెట్టికి ఎదురు తిరిగి 1946 నుంచి 1951 దాకా పోరాడిన ప్రాంతం ఇది. వెట్టి అంటే కూలి అడగని మనిషి, గంటలు లెక్క లేని మనిషి, కాదనే హక్కు లేని మనిషి. యజమానికి అంతకంటే సులువైన ఏర్పాటు ఉంటుందా? కానీ దొర పొలంలో మొక్కుబడిగా తోలిన చేతులే, భూమి దక్కిన తర్వాత సొంత చెలకను తోటలా చేశాయని మా తాత చెప్పేవాడు.

ఇప్పుడు మనల్ని, కూలీలను విడదీసే ఇంకో చట్టం వచ్చింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఉపాధి హామీకి సరిగ్గా ఇరవై ఏళ్లు నిండుతున్న వేళ, 2025 డిసెంబర్‌లో పార్లమెంటు దాని స్థానంలో కొత్త చట్టం చేసింది. పేరులో వికసిత్ భారత్ ఉంది. 125 రోజుల పని అన్నారు. కానీ ఖర్చులో 40 శాతం రాష్ట్రం పెట్టుకోవాలన్నారు. నాట్లు, కోతల కాలంలో ఏడాదికి 60 రోజులు పనులు ఆపాలన్నారు. ఈ 60 రోజుల మాట విని మనలో చాలామంది చప్పట్లు కొట్టారు. ఉపాధి పనుల వల్లే కూలీలు దొరకడం లేదని మనం చాలాసార్లు అనుకున్నదే కదా.

నిదానంగా ఆలోచించండి. మన దగ్గర కోతలు ఎవరు కోస్తున్నారు? మిషను కోస్తోంది. కలుపు ఎవరు తీస్తున్నారు? చాలా మడుల్లో మందు తీస్తోంది. నాట్లు చాలా చోట్ల బీహార్, బెంగాల్ గుంపులు వేస్తున్నాయి. మనకు నిజంగా మనుషులు కరువయ్యేది నాట్లప్పుడు పదిహేను ఇరవై రోజులు. ఆ ఇరవై రోజుల కోసం అరవై రోజులు పని ఆపితే, మన ఊరి ఆడమనిషి మిగతా నలభై రోజులు ఏం తినాలి? తెలంగాణలో ఉపాధి కూలి 2025-26లో రోజుకు 307 రూపాయలు. నాట్లప్పుడు అంతకంటే ఎక్కువ గిట్టితే ఎవరూ చెప్పకుండానే మన మడికి వస్తారు. పని ఆపి, దారి మూసి తెచ్చుకున్న కూలి, నేను నాలుగు వందలకు ఆశపడి తెచ్చుకున్న నాటు లాంటిదే.

"మరి కూలి పెంచితే రైతు ఎట్లా బతకాలి?" అంటారు. నిజమే, మూడెకరాల రైతుకు కూలి ఖర్చే పెద్ద బరువు. కానీ ఆ బరువు దించాల్సింది కూలీ కంచంలో కోత పెట్టి కాదు, ధరలో పెట్టి. 2025-26లో సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర 2,369 రూపాయలు. స్వామినాథన్ కమిషన్ చెప్పినట్టు పూర్తి ఖర్చుకు సగం కలిపి ధర కడితే, అందులో నిజంగా మనం కట్టే కూలిని లెక్కలోకి తీసుకుంటే, రైతు కూలికి భయపడాల్సిన పని ఉండదు. కూలి తక్కువ చూపి ధర తక్కువ కట్టే లెక్కే మనిద్దరినీ ఒకేసారి ముంచుతోంది.

అందుకే మన సంఘం తరఫున నేను కోరేవి ఇవి. మహారాష్ట్రలో అన్నాసాహెబ్ పాటిల్ లాంటి నాయకులు పోరాడితే 1969లో మాథాడీ హమాలీల చట్టం వచ్చింది. అక్కడ హమాలీ బోర్డులో పేరు నమోదు చేసుకుంటాడు. యజమాని కూలితో పాటు అదనపు రుసుము బోర్డుకు కడతాడు. బోర్డు నుంచి కూలి, పీఎఫ్, వైద్యం అందుతాయి. అట్లాంటి బోర్డు మన మిల్లులకు, మార్కెట్ యార్డులకు, కొనుగోలు కేంద్రాలకు కావాలి. స్థానికుడైనా, బీహారీ అయినా పేరు నమోదు కావాలి. మోసే బరువు 55 కిలోలు దాటకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసింది. ఏ బస్తా అయినా 50 కిలోలు మించకూడదని ఇక్కడ కట్టడి చేయాలి. మిల్లు దగ్గర, కేంద్రం దగ్గర నీడ, తాగునీళ్లు, మందుల పెట్టె ఉండాలి. ఉపాధి పనులు ఏ రోజుల్లో ఆపాలో, అసలు ఆపాలో వద్దో గ్రామసభకు వదిలేయాలి. లేబర్ కోడ్‌ల నిబంధనలు రాసేటప్పుడు మన రాష్ట్రం కార్మిక సంఘాలనే కాదు, రైతు సంఘాలనూ పిలవాలి.

2025 జూలై 9న కార్మిక సంఘాలు దేశవ్యాప్త సమ్మె చేశాయి. వాళ్ల జెండా వేరు, మన జెండా వేరు అనుకుని ఆ రోజు మనలో చాలామంది ఇంట్లోనే ఉన్నాం. వచ్చే యాసంగి ధాన్యం కేంద్రానికి తీసుకుపోయినప్పుడు, బస్తా ఎత్తే మనిషిని ఒక్క నిమిషం చూడండి. తిన్నాడా అని అడగండి, నడుం ఎట్లుందని అడగండి. ఎండ ముదిరితే ఎద్దును విప్పే మనం, ఆ మాట అడగడానికి మొహమాటపడాల్సిన పని లేదు.